ముత్తాత టికెట్టు, మనుమల పాస్‌పోర్టు

మన ఇండ్లలో పాత కాగితాలు దాచే చోటు సాధారణంగా ఒక్కటే, దేవుడి గదిలో అలమార పై అర. మా మేనత్తగారింట్లో ఆ అరలో ఒక బిస్కత్తుల రేకు డబ్బా ఉంటుంది. అందులో ఐదు కాగితాలు: ఆవిడ తాతగారి వివాహపత్రం, తండ్రిగారి జన్మపత్రం, తల్లిదండ్రుల వివాహపత్రం, ఆవిడ జన్మపత్రం, ఆవిడ వివాహపత్రం. తాతగారు, అనగా మా ముత్తాతగారు, ఓడ దిగి వచ్చిన మనిషి. మనలో అనేకులకు వలెనే ఆయన పేరే ఆ తరువాతి తరాలకు ఇంటిపేరయింది. ఆ ఐదు కాగితాలలోను ఆయన పేరు నాలుగు విధాలుగా రాసి ఉంది.

మేనత్తగారికి, ఆవిడ అక్కగారికి చిన్ననాటి మొక్కు ఒకటి ఉండేది. ఏటేటా మన మందిరంలో సింహాద్రి అప్పన్న పూజ చేసుకుంటున్నాం కదా, ఒక్కసారి ఆ సింహాచలం కొండ ఎక్కి స్వామిని చూడాలని వారి కోరిక. వీసా తీసుకుని వెళ్ళి రావచ్చు కదా అని మేమన్నాం. ఆ అక్కాచెల్లెళ్ళు ఒప్పుకోలేదు. “చూడవచ్చిన చుట్టాల్లాగా కాదు, ఆ నేల బిడ్డలుగా వెళ్తాం” అన్నారు. ఇద్దరూ ఒకే రోజున ప్రవాస భారతీయ పౌరుల కార్డుకు, అంటే మనం ఓ.సి.ఐ. అంటున్న కార్డుకు, దరఖాస్తు పెట్టారు. కొన్ని వారాలకు రెండు దస్త్రాలూ తిరిగివచ్చాయి. ఈ కాగితంలోని తాత, ఆ కాగితంలోని తాత ఒక్కరే అని తేలడం లేదని కారణం చెప్పారు. కార్యాలయంవారిని తప్పుపట్టలేము. కాగితం చూసేవారికి కాగితమే కనబడుతుంది, మనిషి కనబడడు. ఆ చిక్కు విడిపోవడానికి పదకొండు నెలలు పట్టింది. తొమ్మిదవ నెలలో పెద్దత్తగారు కాలం చేశారు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. గుర్తింపు పత్రం అన్నది ఒకసారి చేతికి వస్తే ఇక చెల్లుతూనే ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి పత్రమూ వెనుకటి మరొక పత్రంపై ఆనుకుని నిలబడుతుంది. ఆ వరుసలో ఒక్కటి ఒరిగినా చివరిది పడిపోతుంది. ఈ సంగతి మనకు కొత్త కావచ్చును గాని, మన పెద్దలకు కొత్త కాదు. పరాయి దేశంలో కాగితాన్ని చెల్లుబాటులో ఉంచుకోవడమంటే ఏమిటో మారిషస్ ద్వీపంలో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆ తరువాత దాదాపు ఐదు లక్షల మంది ఇక్కడికి వచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుండి వచ్చిన మనవారిని, గోదావరి ముఖాన ఉన్న కోరింగ రేవు పేరుమీదుగా, కోరంగీలు అన్నారు. ఏ ఊరివారైనా, ఏ భాషవారైనా, రేవులోని డిపోలో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, పుస్తకంలో రాసుకుని, టికెట్టు చేతికిచ్చేవారు. రైలు టికెట్టు వంటిది కాదది. ఆ మనిషి ఎవరో, ఏ ఓడలో వచ్చాడో, ఏ తోటలో పనిచేయాలో చెప్పే పత్రం.

ఒప్పందం ముగించుకుని తోటనుండి బయటికి వచ్చినవారిని పాత వలసదారులు అనేవారు. వీరు కూరగాయలు పండించుకుంటూ, పాలు అమ్ముకుంటూ, చిల్లర వ్యాపారం చేసుకుంటూ స్వతంత్రంగా బ్రతకడం తోటల యజమానులకు నచ్చలేదు. 1866, 1867 సంవత్సరాలలో మలేరియా ఈ దీవిని ఊడ్చివేసింది. దాని వెంటనే 1867లో 31వ సంఖ్య శాసనం వచ్చింది. పాత వలసదారుడు తన ఛాయాచిత్రం అంటించిన టికెట్టు ఒకటి, దానికి తోడుగా పోలీసు పాసు ఒకటి, ఎల్లప్పుడు వెంట ఉంచుకోవాలి. ఒక జిల్లానుండి మరొక జిల్లాకు మారితే ఆ పాసును దిద్దించుకోవాలి. టికెట్టు పోయిందా, సొమ్ము కట్టి నకలు తెచ్చుకోవాలి. నకలు చేతికి వచ్చేలోపల పోలీసు ఆపితే దేశదిమ్మరి అని పట్టుకుపోవచ్చు. మనిషి తప్పు చేయలేదు, దొంగతనం చేయలేదు. అతని కాగితానికి కాలం చెల్లింది, లేదా అది ఇంట్లో ఉండిపోయింది. అంతమాత్రానికే గ్రాండ్ రివర్ నార్త్ వెస్ట్‌లోని దిమ్మరుల డిపోకు తోలేవారు.

టికెట్టు మరచిపోయి పొలానికి వెళ్ళినవాడు తిరిగి రాలేదన్న కథ మన ముసలివాళ్ళ నోట ఇప్పటికీ వినవచ్చు. మేము చిన్నప్పుడు అది భయపెట్టడానికి చెప్పే కథే అనుకునేవాళ్ళం.

దీనిపై 1871లో 9,401 మంది పాత వలసదారులు ఒక విన్నపం సమర్పించారు. దానిని రాసిపెట్టినవారు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్. ఆ సాయానికి ఫలితంగా పోర్ట్ లూయీ వీధిలో ఆయన దెబ్బలు తిన్నారు. గవర్నరు ఆర్థర్ గార్డన్ విన్నపాన్ని పట్టించుకున్నారు. 1872లో లండన్‌నుండి విచారణ సంఘం వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది, 1878లో శ్రామిక శాసనాన్ని మార్చారు. మన పూర్వులు పెద్దయెత్తున కలిసి అడిగిన మొదటి కోరికలలో ఇది ఒకటి. కూలి పెంచమని మాత్రమే కాదు, కాగితం పేరుతో వేధించవద్దని వారు అడిగారు. మన పిల్లల పాఠాలలో ఇది రెండు వాక్యాలలో ముగుస్తుంది. మేము తరగతిలో రెండు రోజులు చెబుతాం.

వారిని కట్టివేయడానికి పుట్టిన ఆ సంఖ్యే ఈనాడు మనకు దారి చూపుతున్నది. మేనత్తగారి చిక్కు విడిన తీరు వినండి. సివిల్ స్టేటస్ కార్యాలయంనుండి తండ్రిగారి జన్మపత్రం పూర్తి నకలు తెప్పించాం. సంక్షిప్త పత్రం కాదు, పూర్తి నకలు. అందులో తాతగారి పేరు ప్రక్కన ఆరంకెల సంఖ్య ఒకటి ఉంది. తాతగారి వివాహపత్రం పూర్తి నకలు తీస్తే అందులోను అదే సంఖ్య. ఒక చోట పేరు చివర ‘స్వామి’ అని, మరొక చోట ‘సామీ’ అని, ఇంకొక చోట నడుమ ఒక అక్షరం లేకుండా ఉంది గాని, అంకెలలో మాత్రం తేడా లేదు. పాత వలసదారుల బిడ్డల పుట్టుక రాసేటప్పుడు, పెళ్ళి రాసేటప్పుడు, తల్లిదండ్రుల వలస సంఖ్యను వేయడం ఆనాటి గుమాస్తాలకు అలవాటు. సంక్షిప్త పత్రంలో ఆ అంకె రాదు. చాలామంది సంక్షిప్త పత్రం పట్టుకుని తిరుగుతూ, మా తాత సంఖ్య దొరకలేదని విచారిస్తారు.

ఆ సంఖ్యతో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థకు వెళ్ళాం. ఒప్పంద కూలీల దస్త్రాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. వాటి విలువను గుర్తించి 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మీ కుటుంబ పత్రాలు చూపి, మీరు వారసులని రుజువు చేసుకుంటే, రిజిస్టరులోని వివరాలతో పత్రం ఇస్తారు. ఓడ పేరు, వచ్చిన తేదీ, వయస్సు, ఎత్తు, తండ్రి పేరు, జిల్లా, ఊరు అందులో ఉంటాయి. 1860ల తరువాతి వారికి ఒక్కొక్కప్పుడు ఛాయాచిత్రం కూడా దొరుకుతుంది. మా ముత్తాతగారి చిత్రం దొరికింది. అప్పటికి ఆయనకు 22 ఏండ్లు. మేనత్తగారు చాలాసేపు చూసి, “అక్క ముక్కే” అన్నారు. మరేమీ అనలేదు.

పేర్లు ఎందుకు ఇన్ని విధాలుగా మారాయన్నది తెలుసుకుంటే కోపం కొంత తగ్గుతుంది. రాసినవారికి తెలుగు రాదు, చెప్పినవారికి చదువు రాదు. డిపోలో ఆంగ్లేయపు చెవితో రాసిన పేరును తరువాత సివిల్ స్టేటస్‌లో ఫ్రెంచి చెవితో రాశారు. చిన్నయ్య అనే పేరును తీసుకుందాం. ఒక గుమాస్తా దానిని సి, హెచ్ అక్షరాలతో మొదలుపెడతాడు. ఫ్రెంచి చదివేవాడు అది చూసి ‘షి’ అని పలుకుతాడు. మూడవవాడు విన్నదే రాద్దామని ఎస్‌తో మొదలుపెడతాడు. నాయుడులోని చివరి ఉకారానికి రెండు ఓలు వచ్చి చేరాయి, ‘అమ్మ’కు చివర ఒక హెచ్ తగిలింది. తెలుగువారి పేరు అరవవారి పేరుగా మారిన కుటుంబాలూ ఉన్నాయి. ఓడ మద్రాసులో ఎక్కినందున ‘మద్రాసు’ అని రాసి ఉంటే, మేము తెలుగువాళ్ళం కాదేమో అని సందేహించినవారు మా తరగతిలోనే ఇద్దరున్నారు. మద్రాసు అన్నది ఓడ బయలుదేరిన రేవు. జిల్లా గడి వేరుగా ఉంటుంది, అది చూడండి.

మరొక మాట. వచ్చినవానికి పుస్తకంలో రాసింది ఒక్క పేరే, దానికి తోడు తండ్రి పేరు. ఆంధ్రదేశంలో పేరుకు ముందు వచ్చే అసలు ఇంటిపేరును చాలా చోట్ల ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు. అతని సొంత పేరే బిడ్డలకు ఇంటిపేరై, పాస్‌పోర్టులోకి ఎక్కింది. కనుక మీ ఇంటిపేరు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎవరికైనా ఉంటుందని వెదకితే దొరకదు. వెదకవలసింది ఊరిపేరు. అక్కడ కూడా జాగ్రత్త కావాలి. ఆనాటి విశాఖపట్నం జిల్లానుండి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరుపడ్డాయి. 2022లో మరల విభజన జరిగి అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. గంజాంలో ఎక్కువ భాగం 1936లో ఒడిశా రాష్ట్రంలోకి పోయింది. పత్రంలో ‘గంజాం’ అని ఉన్నంతమాత్రాన మన తెలుగుతనానికి లోటు లేదు, దరఖాస్తుకూ ఆటంకం లేదు. జిల్లా పేరును మాత్రం పత్రంలో ఉన్నట్టే రాయండి. ఇప్పటి పేరు మనమే ఊహించి రాస్తే కొత్త చిక్కు తెచ్చుకున్నట్టే.

పత్రాల వరుస మరొక చోట కూడా తెగుతుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి మన పెద్దలు సిగ్గుపడతారు. పందిరిలో, మందిరంలో పెళ్ళి జరిగింది, ఊరంతా అక్షతలు వేసింది. సివిల్ స్టేటస్‌లో మాత్రం రాయించలేదు. అటువంటి పెళ్ళిని చట్టం గుర్తించనందున బిడ్డలను తల్లి పేరున రాశారు, తండ్రి గడి ఖాళీగా పోయింది. ఇందులో అవమానం ఏమీ లేదు, అది ఆనాటి చట్టం లోపం. అటువంటి కుటుంబంలో తండ్రివైపు పట్టుకుని వెదకడం కాలహరణం. తల్లి కూడా వలస వచ్చినదో, వలసదారుని కూతురో అయి ఉంటుంది. ఆవిడకూ సంఖ్య ఉంటుంది, లేదా ఆవిడ తండ్రికి ఉంటుంది. అవ్వ వైపునుండి వెళ్ళండి. మాకు తెలిసిన మూడు కుటుంబాలు ఆ దారినే ఓడదాకా చేరాయి.

అక్షరాల తేడాలున్న పత్రాలను ఏమి చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. అన్నిటినీ దిద్దించనక్కర లేదు. ముందు అన్నిటినీ బల్లమీద వరుసగా పరచి, ఎక్కడ మొదటిసారి మారిందో గుర్తుపట్టాలి. బ్రతికి ఉన్నవారి పత్రంలో తప్పు ఉంటే, పాస్‌పోర్టు మార్చుకోకముందే, సివిల్ స్టేటస్‌వారిని అడిగి వారు చెప్పిన దారిలో సరిచేయించుకోవాలి. పాస్‌పోర్టు వచ్చిన తరువాత దిద్దితే రెండు పనులు అవుతాయి. పోయినవారి పత్రాలకు మాత్రం వలస సంఖ్య ఉంటే అదే పెద్ద సాక్ష్యం. దరఖాస్తుతో పాటు ఒక పుట కాగితం జతచేసి, ఫలానా పత్రంలో ఇలా, ఫలానా పత్రంలో అలా, సంఖ్య ఒకటే అని విడమరచి రాయండి. మేనత్తగారి రెండవ దస్త్రంలో మేము చేసింది అంతే. మొదటిసారే చేసి ఉండవలసింది.

ఇక ఓ.సి.ఐ. కార్డు సంగతి. ఈ ఏర్పాటును 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అంతకుముందున్న పి.ఐ.ఓ. కార్డు పద్ధతిని 2015 జనవరిలో దీనిలో కలిపివేశారు. కనుక డబ్బా అడుగున పాత పి.ఐ.ఓ. పుస్తకం ఉన్నవారు దాన్ని నమ్ముకుని విమానం ఎక్కవద్దు. సాధారణ నియమం ప్రకారం భారతీయ పౌరుని మునిమనుమల వరకే ఈ కార్డు వస్తుంది. మనలో నాలుగు, ఐదు తరాలు దాటినవారే ఎక్కువ కాబట్టి, ఒప్పంద కూలీల సంతతికి ప్రత్యేక ఏర్పాటు చేస్తామని, దానిని మారిషస్‌తో మొదలుపెడతామని 2017లో భారత ప్రభుత్వం చెప్పింది. 2024 మార్చిలో మన జాతీయ దినోత్సవానికి వచ్చిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఏడవ తరంవారికి కూడా అర్హత కల్పిస్తున్నట్టు ప్రకటించారు. అయితే అర్హత ఉన్నంతమాత్రాన కార్డు రాదు. ఏడు తరాల అర్హత అంటే ఏడు తరాల పత్రాలు అని అర్థం.

ఈ కార్డు భారత పౌరసత్వం కాదు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. ఆయుర్దాయమంతా వీసా లేకుండా వెళ్ళిరావచ్చు, అక్కడ ఎంతకాలమైనా ఉండవచ్చు. ఆయుర్దాయమంతా అన్న మాట విని కార్డును పెట్టెలో పెట్టి మరచిపోతారు. కార్డు ఒక పాస్‌పోర్టుకు ముడిపడి ఉంటుంది, పాస్‌పోర్టుకు మాత్రం గడువు ఉంది. దీనిపై నియమాలను 2021 ఏప్రిల్‌లో సులభం చేశారు. ఇరవై ఏండ్లు నిండకముందు కార్డు పొందినవారు, ఇరవై నిండిన తరువాత మొదటి కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు, ఒకే ఒక్కసారి కార్డు మార్పించుకోవాలి. ముఖం మారుతుంది కదా! ఇరవై దాటాక కార్డు పొందినవారికి ఆ మార్పిడి అక్కరలేదు. ఇరవై ఏండ్లలోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడల్లా, యాభై నిండినవారికి ఆ తరువాత ఒకసారి, కొత్త పాస్‌పోర్టు నకలును, కొత్త ఫోటోను ఓ.సి.ఐ. కంప్యూటరు పోర్టలులో చేర్చాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలలలోపల ఆ పని చేయాలి, దానికి రుసుము లేదు. భార్య లేక భర్త ద్వారా కార్డు పొందినవారు మాత్రం పాస్‌పోర్టు మారిన ప్రతిసారి నకలుతోపాటు, వివాహం కొనసాగుతున్నదన్న ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. కార్డుమీద ఉన్న పాత పాస్‌పోర్టును వెంట తీసుకువెళ్ళాలన్న నిబంధనను 2021లోనే ఎత్తివేశారు. అయినా పాత పాస్‌పోర్టును పారవేయవద్దని మా సలహా, అందులో పాత అక్షరక్రమం ఉంటుంది.

మన పిల్లలు ఇప్పుడు మరొక ఓడ ఎక్కుతున్నారు. బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియాలకు వెళ్తున్నారు. బ్రిటన్‌లో ఇదివరకు చేతికి ఇచ్చే నివాసపు కార్డులలో చాలావాటికి 2024 డిసెంబరు 31తో గడువు ముగించి, ఇ-వీసా పద్ధతి తెచ్చారు. చేతిలో కాగితం లేదు, కార్డు లేదు. కంప్యూటరు ఖాతాలో మనిషి అనుమతి ఉంటుంది. మారిషస్ పాస్‌పోర్టు మార్చుకున్నవారు కొత్త సంఖ్యను ఆ ఖాతాకు జోడించాలి. జోడించకపోతే విమానాశ్రయంలో చిక్కు. పోలీసు పాసును ఠాణాలో దిద్దించుకున్న ముత్తాత గుర్తుకు వస్తాడు. తేడా ఏమిటంటే, ఆయనకు చదువు రాకపోయినా పాసు జేబులో ఉన్నదో లేదో తెలిసేది.

అక్కడ పుట్టే బిడ్డల విషయం అంతకంటె ముఖ్యం. మన రాజ్యాంగం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి గాని తండ్రి గాని మారిషస్ పౌరులై ఉంటే పౌరసత్వం వస్తుంది. కాని ఆ తల్లి లేక తండ్రి పౌరసత్వం కూడా అదే విధంగా, విదేశంలో పుట్టి వంశం ద్వారా వచ్చినదై ఉండకూడదు. అంటే లండన్‌లో పుట్టిన మనుమడు మన పౌరుడే. అతనికి అక్కడే పుట్టిన బిడ్డ, రెండవవైపునుండి హక్కు రాకపోతే, మన పౌరుడు కాడు. ఓ.సి.ఐ.కి ఏడు తరాలు, ఇక్కడ ఒకే తరం! కనుక మనుమడి పుట్టుకను సకాలంలో రాయించండి. పేరును తల్లిదండ్రుల పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయించండి. మనుమడికి అందంగా ఉంటుందని ఇంటిపేరు చివరి హెచ్‌ను తీసివేసిన తండ్రి ఒకాయన మాకు తెలుసు. ఆ హెచ్ కోసం ఆయన ఇప్పటికీ తిరుగుతున్నారు.

మేనత్తగారు గత ఏడాది సింహాచలం వెళ్ళివచ్చారు, ఒక్కరే. ఆవిడ కార్డు, మోకానుండి తెచ్చిన ముత్తాత చిత్రం ఇప్పుడు అదే రేకు డబ్బాలో ఉన్నాయి. పెద్దత్తగారి కార్డు కూడా వచ్చింది, ఆవిడ పోయిన రెండు నెలలకు. దానిని కూడా అందులోనే ఉంచారు.

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ ఏడు పెద్ద పిల్లలచేత ఒక పని చేయిస్తున్నాం. ఒక పెద్ద కాగితంమీద తరానికి ఒక వరుస గీయాలి. మొదటి గడిలో వలస సంఖ్య, రెండవ గడిలో పేరును పత్రంలో ఉన్న అక్షరాలతో, మూడవ గడిలో అవ్వ పలికే తీరును తెలుగులో రాయాలి. చివరి గడిలో పాస్‌పోర్టు గడువు తేదీ, అది మాత్రం పెన్సిలుతో.